అరవై అడుగులు

ఆఖరి తారీఖు ఇయ్యాళనే.
హన్మకొండ బస్టాండు ఎదురుంగ నెట్ సెంటర్ల
ఫ్యాను తిరుగుతది గాని గాలి రాదు.
ఫిరోజ్ అడుగుతుండు, నేను చెప్తున్న:
గ్రామీణ అత్యవసర వైద్య సేవలకు
నిధులు కోరుతూ దరఖాస్తు.

"సిస్టర్, సబ్ సెంటరుకు, గూడేనికి దూరమెంత?"
అరవై అడుగులు.
"కిలోమీటర్లల్లనే తీసుకుంటది."
సున్న కొట్టిండు. గడి చుట్టూ ఎర్ర గీత.
సున్న దూరానికి పైసలెందుకని
కంప్యూటర్‌కు గూడ ఎరుకే.

ఎట్ల చెప్పాలె దానికి,
ముందటేడు శ్రావణంల
ఇప్పవాగు అవతలి గట్టు మీద
పొదెం బుచ్చయ్యను పండవెట్టి
ఆయన తమ్ముడు టార్చిలైటు ఊపుతుంటే
ఇవతల నేను
ఐసు డబ్బ సంకల పెట్టుకొని నిలవడ్డ.
డబ్బల పది సీసలు, పాము విషానికి విరుగుడు.
నడుమ ఎర్రనీళ్లు.
కాలు ఏ రంగున్నదని నేను ఒర్రిన.
నల్లవడ్తుందని వాళ్లు ఒర్రిండ్రు.
మాటలు దాటినయి. మందు దాటలే.
ఎనుక గట్టయ్య, నూట ఎనిమిది పైలట్,
ఏం చెయ్యాల్నో తోచక హారన్ కొట్టిండు,
వాగు బర్రె లెక్క పక్కకు జరుగుతదన్నట్టు.
కొంచెం సేపటికి
టార్చి ఊపుడు ఆపిండు తమ్ముడు.
ఆరలేదది.
కిందికి వంగింది, గంతే.

"బండి ఎన్ని నిమిషాలల్ల చేరుతది?"
పదకొండు, రాయి.
ఫోను చెయ్యనీకి గుట్టెక్కాలె,
ఆ ఎక్కుడు లెక్కల రాదు.
వాగొడ్డుకొచ్చి నిలవడుడు గూడ
చేరినట్టే అంటరు పై ఆఫీసుల.

"నిరుడొచ్చిన నిధులు దేనికి వాడిండ్రు?"
సంచిల చెయ్యి పెట్టిన, రసీదులు తడితడిగ తాకినయి.
ట్రాక్టర్ ట్యూబులు నాలుగు, పాతయి,
ములుగు పంక్చర్ షాపు చిట్టీ.
వెదురు బొంగులు పన్నెండు.
నైలాన్ తాడు. నులక మంచం ఒకటి.
కింద ఎర్రపెన్నుతోని ఆడిట్ సారు రాత:
'ఇవి వైద్య పరికరములు కావు.
సదరు సొమ్ము తిరిగి చెల్లించవలెను.'
చెల్లిస్తున్న, నెలకు ఐదు వందలు కోత.

కావు సారూ, ఒప్పుకుంట.
ట్యూబు మీద ఎక్స్‌పైరీ తేదీ లేదు,
కంపెనీ ముద్ర గూడ అరిగిపోయింది.
ఆ మంచం మీదనే, నడి వాగుల,
మడకం ఉంగికి నొప్పులు ముదిరినయి.
తాడు అటు గూడెమంత పట్టింది,
ఇటు గట్టయ్య నడుముకు సుట్టుకున్నడు.
నడుము లోతు నీళ్లల్ల నేను, ఒక చెయ్యి మంచం కోడుకు,
ఒక చెయ్యి ఆ పసి తలకు.
వాన ఎవరిదో, ఉమ్మనీరు ఎవరిదో తెల్వలే.
ఏడుపు ఇనవడంగనే
తాడు ఇడ్సిపెట్టి చప్పట్లు కొట్టబోయిండు ఒకడు,
వాని వీపు మీద ముసలమ్మ గుద్దిన గుద్దు
నాకు ఇనవడ్డది.

రిజిస్టర్ల ఆ పిల్ల పేరు కళావతి.
గూడెంల పిలిచేది ట్యూబు.
ట్యూబూ అంటే పాక్కుంటొస్తది,
మట్టి తినుకుంట.

"కాపాడిన ప్రాణాలు?"
రెండు.
"రెండేనా? ఎక్కువేస్తే మంచిగుంటది సిస్టర్."
రెండే. పోయినయి రాయనీకి గడి ఏది?
మౌస్ కిందికి జరిపిండు, మీదికి జరిపిండు.
"లేదు."

దూరం గడి ఇంకా ఎర్రగనే ఉన్నది.
"సుట్టు తిరిగి, వంతెన మీంచి పోతే?"
నలబై ఏడు.
కొట్టిండు. గీత పచ్చగైంది.
ఏ పేషెంటూ ఎన్నడూ పోని తొవ్వను
నమ్మింది కంప్యూటర్.

నలబై రూపాయలిచ్చి రసీదు అడిగిన.
"నెట్ సెంటర్ల రసీదెవరిస్తరు సిస్టర్" అని నవ్వి,
నోటుబుక్కు కాయితం చింపి
రాసిచ్చిండు, సంతకం పెట్టి.

బయట ఏటూరునాగారం బస్సు కదుల్తుంది.
కండక్టర్ అన్నడు, జల్ది ఎక్కమ్మా,
ములుగు దాటితే వానట.